డ్రిల్లు మాస్టారికి బరువు బ్యాటు వద్దు

విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు విడిపోయే ఎల్బీనగర్ చౌరస్తాలో రోజూ బస్సు దిగే పల్లె జనంలో బడి వ్యాయామ ఉపాధ్యాయులూ ఉంటారు. చేతిలో సంచి, జేబులో హెడ్మాస్టరు రాసిచ్చిన చీటీ. ఇబ్రహీంపట్నం, యాచారం, చౌటుప్పల్ వైపు నుంచి వచ్చేవారికి నగరంలో మొదట తగిలేది ఎల్బీనగరే. అక్కడ దొరకని సామాను కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళతారు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చాక ఆ ప్రయాణం నిమిషాల పని అయింది.

వాలీబాలు, స్కిప్పింగ్ తాడు, క్యారం బోర్డు కొనడంలో చిక్కేమీ లేదు. బేస్‌బాల్ బ్యాటు దగ్గరే వస్తోంది తంటా. అదీ పిల్లలు ఆడే బ్యాటు కాదు, పిల్లలకు ఆట నేర్పే మాస్టారు పట్టుకునే బ్యాటు.

బేస్‌బాల్ మనకు పరాయి ఆటగానే కనిపిస్తుంది. అయితే దేశవ్యాప్తంగా జరిగే బడి పిల్లల పోటీల జాబితాలో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ ఉన్నాయి. 2028లో లాస్ ఏంజెలెస్‌లో జరగనున్న ఒలింపిక్స్‌లో క్రికెట్‌తో పాటు బేస్‌బాల్‌కూ చోటు దక్కింది. ఇక డబ్బు సంగతి. సమగ్ర శిక్ష పథకం కింద ఆట సామాన్లకు ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు ఇవ్వవచ్చు. కబడ్డీ మొదలు క్యారం దాకా అన్నీ అందులోనే సర్దుకోవాలి. పనికిరాని బ్యాటు ఒకటి కొంటే ఆ ఏడాదికి రెండోది కొనే దారి ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో "కోచింగ్ బ్యాటు ఉందా?" అని అడిగితే దుకాణదారు ఒక క్షణం తికమకపడినా తప్పుపట్టలేం. అక్కడ కోచింగ్ అంటే పోటీ పరీక్షల కోచింగే. కాసేపటికి తేరుకుని, లోపలి నుంచి నున్నగా రంగు వేసిన లావుపాటి బ్యాటు ఒకటి తెచ్చి బల్లమీద పెడతాడు. "చూడండి సార్, ఎంత గట్టిగుందో" అంటాడు. చేతికి బరువుగా తగులుతుంది. బరువుగా ఉంటే మంచి సరుకే అనుకోవడం మన అలవాటు. పొరపాటు అక్కడే జరుగుతోంది.

మాస్టారు చేసే పని ఏమిటో చూస్తే ఇది తెలుస్తుంది. మైదానంలో నిలబడ్డ పిల్లలకు నేలమీద దొర్లే బంతులు, గాలిలోకి లేచే బంతులు వందలకొద్దీ అందించాలి. ఎదురుగా బంతి విసిరేవారు ఎవరూ ఉండరు. ఒక చేత్తో బంతి పైకి ఎగరేసి, అది కిందికి దిగేలోగా రెండు చేతులతో బ్యాటు పట్టి కొట్టాలి. చిర్రగోనె ఆడినవారికి ఇది కొత్త కాదు. చిర్రను తానే లేపి తానే కొట్టడం మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. అమెరికాలో ఈ పనికోసమే సన్నగా, పొడుగ్గా, తేలిగ్గా ఒక బ్యాటు వేరే చేస్తారు. దాని పేరు ఫంగో. పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఈ పేరు వాడుకలో ఉంది.

పోటీలో పెద్దవాళ్లు వాడే బ్యాటు సాధారణంగా 33, 34 అంగుళాల పొడవుండి 850 నుంచి 900 గ్రాములు తూగుతుంది. ఫంగో 35 నుంచి 37 అంగుళాలుంటుంది, తూకం మాత్రం 500 నుంచి 600 గ్రాములే. ఒక్క దెబ్బకు 300 గ్రాముల తేడా అంటే పెద్దగా అనిపించదు. సాయంత్రం 100 బంతులు కొడితే 30 కిలోలు అదనంగా ఎత్తినట్టు. వారం తిరిగేసరికి మాస్టారి భుజం పట్టేస్తుంది. మాస్టారు బ్యాటు పక్కన పెడితే పిల్లలకు క్యాచ్‌లు నేర్పేవారు ఉండరు. పోటీలకు వెళ్లి బంతులు జారవిడుచుకుని వస్తారు, తిట్లు పిల్లలకు పడతాయి.

అందుకే కొనేముందు తూకం వేయించడం మంచిది. దుకాణంలో కాటా లేకపోతే పక్కన పండ్ల బండి దగ్గర ఉంటుంది, సిగ్గుపడాల్సిన పని లేదు. తరువాత పిడి చివర ఒక్క చేత్తో పట్టుకుని, చేయి బారుగా చాచి ఇరవై లెక్కపెట్టాలి. ఈలోగా చేయి వణికితే ఆ బ్యాటు మాస్టారికి పనికిరాదు.

గొడ్డలి కామ చూసినట్టే చూడాలి

తూకం తరువాత చూడవలసింది చెక్క. ఈ విషయంలో పల్లెవాడికి పట్నం దుకాణదారు చెప్పాల్సింది తక్కువే. గొడ్డలికి కామ ఎంచేటప్పుడు నార తిన్నగా ఉందా, ముడి ఉందా అని చూడని రైతు ఉండడు. బ్యాటుకూ అదే సూత్రం. చెక్కలోని గీతలు పిడి నుంచి చివరిదాకా నిలువుగా సాగాలి. పిడి దగ్గర గీత ఏటవాలుగా పక్కకు పోయిందంటే ఆ బ్యాటు అక్కడే విరుగుతుంది. అమెరికా పెద్ద పోటీల్లో 2008లో బ్యాట్లు తెగ విరిగి ముక్కలు ఆటగాళ్ల మీదికి ఎగిరాయి. మాడిసన్ నగరంలోని ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల పరిశోధనశాల వారు విరిగిన ముక్కలు తెప్పించి పరిశీలించారు. నార ఏటవాలుగా ఉండటమే ముఖ్య కారణమని తేలింది. ఆ తరువాత మేపుల్ చెక్క బ్యాట్లకు పిడి మీద సిరా చుక్క పెట్టి, అది పాకిన దిశను బట్టి నార వాలు కొలుస్తున్నారు. విరిగి చీలే బ్యాట్లు సగానికి పైగా తగ్గాయి.

రంగు ఈ గీతలను కప్పేస్తుంది. ముడి ఉన్నచోట, మైనం కూరినచోట రంగు బాగా మందంగా ఉంటుంది కూడా. పిడి అయినా రంగు లేకుండా, వార్నిషు మాత్రమే వేసిన బ్యాటు అడగాలి. వడ్రంగి చూసినట్టు ఒక కన్ను మూసి బారుగా చూడాలి. బల్లమీద దొర్లించితే వంకర ఉన్నది ఎగిరెగిరి పడుతుంది.

అక్కడ ఈ బ్యాట్లకు వాడేది యాష్, మేపుల్ అనే చెట్ల కర్ర. యాష్‌కు ఈమధ్య కరువొచ్చింది. ఆ చెట్టును తొలిచే పచ్చ పురుగు 2002లో మిషిగన్ రాష్ట్రంలో బయటపడి, కోట్ల చెట్లను చంపింది. మన దుకాణాల్లో దొరికే బ్యాటు ఏ చెట్టుదో చాలాసార్లు దానిమీద రాసి ఉండదు, అడిగి తెలుసుకోవాలి. క్రికెట్ బ్యాటుకు వాడే కాశ్మీరు విల్లో తేలికే గాని మెత్తన. సన్నటి గుండ్రని బ్యాటుగా చెక్కితే తోలుబంతి దెబ్బకు సొట్టలు పడుతుంది.

మరి ఊళ్లోనే తరిమెన పట్టించుకోకూడదా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. తుమ్మ, చిరుమాను గట్టివే, కానీ బరువు. వాటితో 600 గ్రాముల బ్యాటు చేయాలంటే చీపురు కట్టెలా సన్నబడుతుంది. టేకు తూకం సరిపోయినా ఆకస్మిక దెబ్బకు చీలుతుంది, అందుకే గొడ్డలి కామకు టేకు ఎవరూ వాడరు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర తరిమెనకు వెన్నలాంటిది, దెబ్బకు మాత్రం ఆగదు.

అసలైన ఫంగో దొరకనప్పుడు ఒక దారి ఉంది. ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు ఉన్న బడిలో సాఫ్ట్‌బాల్ బ్యాటు ఉండే ఉంటుంది. నియమం ప్రకారం దాని లావు 2.25 అంగుళాలకు, పొడవు 34 అంగుళాలకు మించకూడదు. బేస్‌బాల్ బ్యాటు 2.61 అంగుళాల లావు దాకా ఉండవచ్చు. కాబట్టి సాఫ్ట్‌బాల్ బ్యాట్లలో తేలికైనదాన్ని మాస్టారు వాడుకుంటే భుజానికి ఊరట, కొత్తగా ఖర్చూ లేదు. పొడవు కాస్త తక్కువ, అంతే.

నగరంలో బేస్‌బాల్ బ్యాటు కొని కారు సీటు కింద పెట్టుకునేవారూ ఉన్నారు. వారికి ఆటతో పని లేదు, నారతో అంతకన్నా లేదు. అలాంటివారికోసం తెచ్చిన సరుకు మాస్టారికి అంటగట్టకుండా చూసుకోవాలి.

తెచ్చుకున్నాక ఒక జాగ్రత్త. ఫంగోను పిల్లల చేతికిచ్చి, విసిరిన బంతిని కొట్టనివ్వకూడదు. సన్నటి పిడి విరిగి ముక్క ఎగిరితే కంటికి ప్రమాదం. ఎండలో, తడిగోడకు ఆనించి ఉంచకూడదు. ఆర్డరు మీద మీరట్ నుంచో జలంధర్ నుంచో తెప్పిస్తామని దుకాణదారు అంటే రోజులు పడతాయి. మండల పోటీల కబురు వచ్చాక ఎల్బీనగర్ బస్సెక్కితే, బల్లమీద ఉన్న ఆ లావుపాటి రంగు బ్యాటే మిగులుతుంది.