చక్కెర లేని శ్రీఖండము

చైత్రశుద్ధ పాడ్యమినాడు సోలాపురములోని మన వీధులలో నొక ముచ్చటైన మార్పిడి జరుగుచుండును. మన యిండ్లలో ఆనాడు ఉగాది. పొరుగున నున్న మరాఠీవారి యిండ్లలో గుఢీ పాడ్వా. పండుగ యొక్కటే, పేర్లు రెండు. ఉదయమున మన తల్లులు వేపపూత పచ్చడి కలిపి, బొబ్బట్లు కాల్చి, పొరుగింటికి నాలుగు పంపుదురు. ఆ పళ్లెము వట్టిగా తిరిగి రాదు. శ్రీఖండపు గిన్నెయు, వేడివేడి పూరీలును అందులో వచ్చును. మగ్గముల పనికై తరతరముల క్రిందట వచ్చి యిచట స్థిరపడిన తెలుగు కుటుంబములకు శ్రీఖండము పరాయి వంటకము కాదు. మన పిల్లలలో ననేకులకు అది బొబ్బట్టు కంటెను ప్రియమైనది. ఈ మాట వ్రాసినందుకు అమ్మలు నన్ను మన్నింతురు గాక!

అయితే ఆ గిన్నె చుట్టును కూర్చున్నవారిలో ఒకరు మాత్రము చేయి చాపకుండ నుందురు. తాతగారో, మేనత్తగారో, ఒక్కొక్కప్పుడు కన్నతండ్రియో. వారికి మధుమేహము. మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు ఈ వ్యాధి యున్నదని 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలివారి అధ్యయనము తెలుపుచున్నది. మా నాన్నగారును వారిలో నొకరు. పండుగనాడు వారు అందరికంటె ముందుగా భోజనము ముగించి, వార్తాపత్రిక చేతబట్టుకొని అరుగుమీదికి పోవుచుండిరి. అది పత్రికమీది ప్రీతి యని నేను చాలకాలము భ్రమపడితిని. తాము ఎదుట నుండగా మేము తీపి తినుటకు మొగమాటపడుదుమని వారట్లు చేసెడివారని తరువాత అమ్మ చెప్పినది. చక్కెర లేకుండ శ్రీఖండము చేయవచ్చునా యని నేను ఆలోచించుటకు అదియే కారణము.

ముందుగా చక్కెర విషయము కొంత తెలిసికొనవలెను. మనము తినెడు అన్నము, రొట్టె, పప్పు, పండ్లు వీనిలోని పిండిపదార్థములును, తీపి పదార్థములలోని చక్కెరలును కడుపులో జీర్ణమై, అధికభాగము గ్లూకోజుగా మారి రక్తములో చేరును. రక్తములోని గ్లూకోజు శరీరకణములలోనికి పోవుటకు క్లోమగ్రంథినుండి ఊరెడు ఇన్సులిన్ తోడ్పడును. ఆ ఇన్సులిన్ చాలకున్నను, ఉన్నది సరిగా పని చేయకున్నను గ్లూకోజు రక్తమునందే నిలిచి, హద్దుమీరినపుడు మూత్రమున బయటపడును. మూత్రమునకు చీమలు పట్టుటనుబట్టియే మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని గుర్తించి మధుమేహమని పేరు పెట్టిరి. చక్కెర, పిండి యెంత యెక్కువగా, ఎంత వేగముగా లోనికి పోయిన, రక్తములోని గ్లూకోజు అంత పెరుగును.

ఇచట మన యిండ్లలో ప్రబలియున్న యొక పొరపాటును చెప్పక తప్పదు. "చక్కెర కూడదు గాని, బెల్లమైన ఫరవాలేదు" అను మాట వినని వారుండరు. మా యింటను చాలకాలము అదే నమ్మకము. నాన్నగారికి ప్రత్యేకముగా బెల్లపు బొబ్బట్టు పెట్టి, మేమేదో గొప్ప జాగ్రత్త తీసికొన్నట్లు సంతోషించెడివారము. బెల్లమునందు అత్యధికభాగము చక్కెరయే. తేనెలో నూటికి సుమారు 80 వంతులు చక్కెరలు. ఎండు ఖర్జూరములో నూటికి 65 వంతులకు తక్కువ కాదు. వీనిలో కొద్దిపాటి ఖనిజము లుండిన నుండవచ్చును. కాని వీనితో చేసిన తీపిని చక్కెర లేని దనుట మనలను మనము మోసగించుకొనుటయే.

ఇక శ్రీఖండము. దీనికి మూలము చక్కా. పెరుగును బట్టలో మూటగట్టి వ్రేలాడదీయగా నీరంతయు కారిపోయి మిగిలిన ముద్దకు మరాఠీలో చక్కా యని పేరు. పాలలో లీటరునకు 45 నుండి 50 గ్రాముల పాలచక్కెర సహజముగానే యుండును. పాలు తోడుకొనునపుడు తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంతభాగమును తిని లాక్టికామ్లముగా మార్చును. పెరుగునకు పులుపు వచ్చుట అందుచేతనే. మిగిలిన పాలచక్కెర నీటిలో కరగియుండును. కావున మూటనుండి కారెడు పెరుగుతేటతోబాటు అదియు అధికభాగము వెడలిపోవును. మాంసకృత్తులును, వెన్నయు ముద్దలో నిలుచును. చివరకు 100 గ్రాముల చక్కాలో మిగులు చక్కెర 3, 4 గ్రాములు మాత్రమే. అనగా శ్రీఖండమున చక్కెర యంతయు మనము పైనుండి పోసినదే గాని, చక్కాలో నున్నది కాదు. అనేకులు చక్కాకు సరితూగు చక్కెర కలుపుదురు. అట్లు చేసిన 100 గ్రాముల శ్రీఖండములో 50 గ్రాములు, అనగా పది చెంచాలు, చక్కెర యుండును!

చేయు విధానమునకు పొయ్యి వెలిగింప నక్కరలేదు. ఓవెను గల దేశములలో దానిలో కాల్చకుండ చేయు తీపి వంటలను ప్రత్యేకముగా చెప్పుకొందురు. మన యిండ్లలో చాలవరకు ఓవెనే లేదు గనుక మనకది విశేషము కాదు. కాని దీనికి మంటయే వలదు కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలబాలికలు తామే చేయవచ్చును.

ఒక లీటరు గేదెపాలను ఇంటిలో పెద్దలచే బాగుగ కాగబెట్టించి, గోరువెచ్చగా నున్నపుడు తోడు వేయవలెను. ఈ కాచుటను మానరాదు. ఆ తరువాత మరి యే దశలోను దీనికి వేడి తగులదు గనుక, పాలలోని రోగక్రిములను చంపుట కిదియొక్కటే అవకాశము. చేతులు, గిన్నెలు, బట్ట శుభ్రముగా నుండవలె ననుటయు ఇందుచేతనే. చైత్రమాసపు ఎండకు అయిదారు గంటలలో పెరుగు తోడుకొనును. తోడుకొనగానే వాడవలెను. చక్కెర యున్న శ్రీఖండములో పెరుగు కొంచెము పులిసినను తీపి దానిని కప్పివేయును. చక్కెర లేనిచో ఆ పులుపు నేరుగా నాలుకను తాకును.

బట్ట విషయమున నేతవారి పిల్లలకు నేను చెప్పవలసిన దేమున్నది? పలుచని తెల్లని నూలుబట్ట, గంజి లేనిది, పలుమారులు ఉతికినది మేలు. మన యూరి దుప్పట్లు, తువాళ్లు ఎంత ప్రసిద్ధమైనవైనను ఈ పనికి రావు. నూగు రాలి ముద్దకు అంటుకొనును. బట్టను జల్లెడమీద పరచి, పెరుగు పోసి, అంచులు కూర్చి మూటగట్టి, కొంతసేపు వ్రేలాడదీసి, ధారగా కారెడు నీరు తగ్గిన పిమ్మట జల్లెడతో సహా ఒక గిన్నెమీద నుంచి ఫ్రిజ్‌లో పెట్టవలెను.

నా మొదటి ప్రయత్నము ఇచటనే చెడినది. మూటను వంటయింటి కిటికీకొక్కెమునకు తగిలించి రాత్రియంతయు వదలివేసితిని. తెల్లవారునప్పటికి చక్కా గట్టిగానే యుండెను గాని, పులుపునకు పండ్లు పులిసినవి. నాన్నగారు ఒక చెంచా నోట వేసికొని, కన్నులు మూసికొని, "దీనిలో కొంచెము ఉప్పు, తాలింపు పడిన బాగుండును" అనిరి. ఆనాటి చక్కా నిజముగనే పెరుగుపచ్చడిగా మారినది.

మామూలు శ్రీఖండమునకు చక్కా ఎంత పొడిగా నుండిన అంత మంచిది. చక్కెర కలుపగానే అది చక్కాలోని తేమలో కరగి ముద్దను పలుచబరచును. చక్కెర వేయనపుడు అట్లు జరుగదు. పూర్తిగా ఆరిన చక్కాను ఎంత కలిపినను పొడిపొడిగా, సున్నపుముద్దవలె నుండును. కావున ఎనిమిది గంటలకు బదులు అయిదు గంటలే వడకట్టుట మంచిది. లీటరు పెరుగునకు సుమారు 400 గ్రాములు వచ్చును. దానిని పురణయంత్రములో గాని, సన్నని జల్లెడమీద గాని అరచేతితో రుద్ది దింపినచో నునుపుదేరును. ఇంకను గట్టిగా నున్నయెడల రెండు చెంచాల మీగడ కలుపవచ్చును.

ఇక సువాసన. ఆరేడు ఏలకుల పొడియు, ఒక చెంచా చల్లని పాలలో నూరిన నాలుగు కుంకుమపువ్వు రేకులును, జాజికాయ చిటికెడును చాలును. జాజికాయ చిటికెడు దాటరాదు. అధికమైన నది ఔషధము కాదు, హానికరము. ఏలకులు, కుంకుమపువ్వు మనము ఏండ్ల తరబడి తీపి పదార్థములతోనే తినుచుండుటచే వాని వాసన తగులగానే నాలుక తీపిని ఊహించుకొనును. 25 గ్రాముల బాదము నానబెట్టి, పొట్టు తీసి, సన్నగా తరిగి చల్లవలెను. పచ్చికొబ్బరి తురుము నొక గుప్పెడు వేసిన సహజమైన కమ్మదనము వచ్చును. మరాఠీ పొరుగువారు దీనిని చూచి నవ్వినను నేను మానలేదు. జీడిపప్పు మాత్రము తగ్గింపుడు. బాదములో పీచు పోగా నూటికి పది వంతులైన లేని పిండిపదార్థము జీడిపప్పులో ఇరువదియైదు వంతులకు పైగా నుండును. మామిడిరసము కలిపిన ఆమ్రఖండ మెంత రుచియైనను, మాగిన మామిడిలో నూటికి 14 వంతులు చక్కెర కలదని మరువరాదు.

ఇంతవరకు చేసినది కమ్మగా నుండునే గాని తియ్యగా నుండదు. తీపియే కావలెనన్న చక్కెర కాని తీపి ద్రవ్యములున్నవి. శాకరిన్‌ను 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఫాల్‌బెర్గ్ అను రసాయనజ్ఞుడు కనుగొనెను. కాని దాని వెంట చేదు వచ్చును. దక్షిణ అమెరికాలోని పరాగ్వే ప్రాంతపు స్టీవియా యను మొక్క ఆకులనుండి తీయు ద్రవ్యము చక్కెరకు 200 రెట్లకు పైగా తియ్యనిది. దీని వాడుకకు మన ఆహార భద్రతా ప్రమాణముల సంస్థవారు 2015లో అనుమతి నిచ్చిరి. పై కొలతకు ఎనిమిది చెంచాల చక్కెరకు సమానమైన స్టీవియా చాలును. ఎంత పొడి యొక చెంచా చక్కెరకు సమానమో పొట్లముమీద వ్రాసియుండును. అదే పొట్లము వెనుకవైపు కూడ చదువుడు. కొన్నిటిలో పరిమాణము పెంచుటకు డెక్స్‌ట్రోజు, మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుదురు. డెక్స్‌ట్రోజనగా గ్లూకోజే! ముందువైపు పెద్ద అక్షరములతో చక్కెర లేదనియు, వెనుక చిన్న అక్షరములతో దాని చుట్టములనియు వ్రాయుట వ్యాపారములో వింత కాదు.

ఇట్టి ద్రవ్యములను బరువు తగ్గుటకై వాడవలదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఆ సూచన మధుమేహము ఇదివరకే యున్నవారికి వర్తింపదని కూడ తెలిపినది. కావున ఆరోగ్యవంతులైన పిల్లలకు స్టీవియా పెట్టవలసిన పని లేదు. వారికి అదే చక్కాలో కొద్దిగా చక్కెరయో, పండ్లముక్కలో వేసి వేరుగిన్నెలో పెట్టవచ్చును.

లెక్క చూతము. 400 గ్రాముల చక్కాలో చక్కెర సుమారు 15 గ్రాములు. బాదములో రెండు, రెండున్నర గ్రాములు. కొబ్బరిలో ఇంకొక గ్రామో, రెండో. ఎనిమిదిమందికి పంచిన ఒక్కొక్కరికి రెండున్నర గ్రాములకు మించదు. ఇంతవరకు బాగున్నది. కాని ప్రక్కన పూరీ లుండును గదా! ఒక్కొక్క పూరీకి 20 గ్రాముల పిండి పట్టిన, అందులో 14 గ్రాములు పిండిపదార్థమే. రెండు పూరీలు తినినచో 28 గ్రాములు. గిన్నెలోనుండి తీసిన చక్కెరను పళ్లెములోనుండి మరల తెచ్చుకొన్నట్లగును. శ్రీఖండమును చెంచాతో తినుటయే మేలు. అదియు ఒక చిన్నగిన్నె మాత్రమే. గేదెపాల వెన్న యంతయు చక్కాలోనే నిలిచియున్నది, వెన్న గ్రామునకు 9 కెలోరీలు.

ఇంటిలోని పిల్లలు తప్పక గుర్తుంచుకొనవలసిన సంగతి మరియొకటి కలదు. ఇన్సులిన్ గాని, కొన్ని విధములైన మాత్రలు గాని తీసికొనువారికి ఒక్కొక్కప్పుడు రక్తములో గ్లూకోజు మితిమీరి తగ్గును. చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడును. అట్టి సమయమున ఈ శ్రీఖండము పెట్టిన ఏమియు ప్రయోజనము లేదు. వెంటనే గ్లూకోజుపొడియో, మూడు చెంచాల చక్కెర కలిపిన నీరో త్రాగించి, వైద్యునికి తెలియజేయవలెను. స్పృహ లేనివారి నోట నేమియు పోయరాదు. ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను. రోజువారీ పథ్యమున ఏ మార్పు చేయదలచినను వారి వైద్యుని అడిగియే చేయవలెను.

మిగిలిన పెరుగుతేటను పారబోయకుడు. జొన్నరొట్టెల పిండి కలుపుటకును, చారులో పోయుటకును పనికివచ్చును. కాని మనము చక్కానుండి తీసివేసిన పాలచక్కెర యందే యున్నది గనుక అది తాతగారి వాటా కాదు.

వడ్డించుటకు పది నిమిషములు ముందుగా గిన్నెను ఫ్రిజ్‌నుండి బయట పెట్టవలెను. మిక్కిలి చల్లగా నున్న పదార్థములో తీపి నాలుకకు సరిగా తెలియదు. చక్కెర పదార్థమును చెడకుండ కాపాడును కూడ. అది లేదు గనుక దీనిని ఫ్రిజ్‌లోనైనను రెండు దినములకు మించి నిలువ యుంచరాదు. మా యింట నది రెండవ దినమువరకు మిగిలిన సందర్భము లేదు. మూడవ యేట ఉగాదినాడు నాన్నగారు పత్రికను అరుగుమీదనే మరచి లోపలికి వచ్చి, గిన్నెలో అడుగున నున్నది గూడ గీకి తినిరి.