పోటు చెప్పిన చోటే పడక

చలికాలం శని, ఆదివారాలు వస్తే లిలువా కుర్రకారు ఇంటిపట్టున ఉండదు. చుట్టచుట్టిన గుడారం, టార్చిలైటు వీపు సంచిలో కుక్కుకుని పురూలియా అయోధ్య కొండలకు బయల్దేరుతుంది. హౌరా నుంచి బర్ధమాన్ వైపు కదిలిన లోకల్ మొదట ఆగే స్టేషన్ లిలువా. 1900 నుంచి రైలు పెట్టెల కార్ఖానా ఉన్న ఊరు. రోజంతా ఇనుప చప్పుడు, రాత్రంతా రైళ్ల కూత. ఇలాంటి చోట పెరిగినవాళ్లకు రెండు రాత్రులు చుక్కల కింద పడుకోవాలనిపించడంలో వింతేమీ లేదు. వింతల్లా ఒకటే. ప్రపంచంలోకెల్లా పెద్ద మడ అడవి ఇక్కడికి దక్షిణాన నూరు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడికి మాత్రం ఎవరూ గుడారం మోసుకెళ్లరు.

మోసుకెళ్లినా వెయ్యలేరు. సుందర్‌బన్ అడవిలో పర్యాటకులు నేల మీద కాలు పెట్టడానికే వీల్లేదు. సజ్‌నేఖాలీ, సుధన్యఖాలీ, దోబాంకీ లాంటి చోట్ల కంచె కట్టిన ఆవరణల్లో మాత్రమే దిగనిస్తారు. సరే, చట్టాన్ని కాసేపు పక్కన పెడదాం. పోటు ఊరుకోదు కదా. రోజుకు రెండుసార్లు సముద్రం నదుల్లోకి ఎగదన్ని వస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది. మేకు దిగ్గొట్టిన గట్టు ఆరు గంటలు తిరిగేసరికి నడుంలోతు నీళ్లలో ఉంటుంది. మర్నాడు అదే పోటు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. నీళ్లు తీసిన చోటైనా అది నేల కాదు, బురద. మోకాలి దాకా దిగబడుతుంది. ఆ బురదలోంచి మడచెట్ల ఊపిరి వేళ్లు శూలాల్లా పైకి లేచి ఉంటాయి. బెంగాలీలు వాటిని ‘శూలో’ అనే పిలుస్తారు.

కోరింగ చూసినవాళ్లకు ఇదంతా కొంతవరకు తెలిసిన లోకమే. కాకినాడ పక్కన చెక్క వంతెన మీద నడుస్తూ చూసే మడలు, తిల్ల చెట్లు ఇక్కడా ఉన్నాయి. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుందన్న భయం అక్కడా ఇక్కడా ఒకటే. గోదావరి మొగల్లో మత్స్యకార కుటుంబాలు నావలోనే వండుకుని, నావలోనే పడుకుని రోజులు గడపడమూ మనకు కొత్త కాదు. కాకపోతే కోరింగలో నీటిపిల్లి ఉంటుంది, పెద్దపులి ఉండదు. సుందర్‌బన్‌లో భారత్ వైపు భాగంలోనే 2022 లెక్కల ప్రకారం నూటికి పైగా పులులున్నాయి. అవి ఈదుతాయి. నది అడ్డం వచ్చిందని ఆగవు. ఆ ఒక్క తేడా మకాం అనే మాటకు అర్థమే మార్చేసింది. ఈ అడవిని ఎరిగినవాళ్లు ఎవ్వరూ దీని నేల మీద నిద్రపోరు. మకాం అంటే పడవే. అది ఎక్కడ ఆగాలో మనిషి చెప్పడు, పోటు చెబుతుంది.

ఈ నియమం కొత్తది కాదు. 17వ శతాబ్దంలో మొఘలుల కొలువులో ఉన్న ఫ్రెంచి వైద్యుడు ఫ్రాంస్వా బెర్నియే పిప్పిలి రేవు నుంచి హుగ్లీకి ఈ దీవుల మధ్యగా చిన్న పడవలో ప్రయాణం చేశాడు. రాత్రిళ్లు పడవను చెట్టుకు కట్టినా ఒడ్డుకు మాత్రం దూరంగా నిలపాలని, లేకపోతే నిద్రలో ఉన్న మనిషిని పులి పడవలోంచే ఎత్తుకుపోతుందని ఆయన రాసిపెట్టాడు. అదే ప్రయాణంలో ఒక రాత్రి వెన్నెల్లో ఇంద్రధనుస్సు చూసి నివ్వెరపోయాడు. భయమూ అందమూ ఒకే పుటలో రాయగలిగిన యాత్రికుడు ఆయన. ఇప్పటి యాత్రా వ్యాసాల్లో రెండోదే మిగిలింది.

బెర్నియేది దారిన పోయే ప్రయాణం. ఈ నీళ్ల మీద బతుకుతెరువు కోసం మకాం పెట్టేవాళ్లు మౌలేలు, అంటే తేనె కొట్టేవాళ్లు. చైత్రం చివర, ఏప్రిల్‌లో అటవీశాఖ పాసులు ఇస్తుంది. ఏడెనిమిది మంది ఒక జట్టు. పడవ అద్దెకు, బియ్యం పప్పులకు చాలామంది అప్పు చేసే బయల్దేరతారు. పడవ మధ్యలో ఆకులతోనో టార్పాలిన్‌తోనో వంచి కట్టిన గూడు, ఒక చివర మట్టి పొయ్యి, కట్టెలు, ఉల్లిపాయలు, ఎండుమిర్చి, బంగాళాదుంపలు. అన్నిటికన్నా ఎక్కువ చోటు మంచినీళ్లదే. ఒకప్పుడు పెద్ద మట్టి జాడీలు, ఇప్పుడు నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, అందులో గుక్కెడు గొంతు దిగదు.

చీకటి పడకముందే చోటు చూసుకోవాలి. సన్నని పాయలో ఆగితే రెండు ప్రమాదాలు. ఒడ్డు దగ్గరవుతుంది. ఆటు పడ్డాక నీళ్లు జారిపోయి పడవ బురదలో ఒరిగిపోతుంది, అప్పుడది పడవ కాదు, గట్టు మీద పెట్టిన పళ్లెం. అందుకే పెద్ద నది నడుమకు వెళ్లి లంగరు వేస్తారు. అమావాస్య, పున్నములప్పుడు ఎగసే పోటును బెంగాలీలో ‘భరా కొటాల్’ అంటారు, అష్టమి అటూ ఇటూగా వచ్చే మందకొడి పోటు ‘మరా కొటాల్’. భరా కొటాల్ రోజుల్లో లంగరు తాడు పొడవు, ప్రవాహం వేగం, పడవ ఎటు తిరుగుతుందన్నది అన్నీ మళ్లీ లెక్కేసుకోవాలి. రాత్రి ఒకరు మేలుకుంటారు. పొయ్యి ఆర్పినా లాంతరు ఆర్పరు.

పగలు దిగుతారు. తేనెటీగల రాకపోకలు చూస్తూ, తల పైకెత్తి, శూలాల మధ్య అడుగులు వేస్తూ వరసగా నడుస్తారు. తల పైకెత్తి నడవడం, పులి ఉన్న అడవిలో! ఇంతకన్నా ప్రమాదకరమైన నడక ఉండదు. పట్టు కనబడితే హెంతాల్ ఆకుల కట్టకు నిప్పంటించి పొగ పెడతారు, ముఖానికి గమ్‌ఛా చుట్టుకుంటారు, గంపలోకి తేనె గడ్డ కోసుకుంటారు. పిల్ల ఈగలున్న భాగాన్ని కొయ్యకూడదన్నది నియమం. ఖల్సీ పూలు పూసే రోజుల్లో దొరికే మొదటి తేనె తేటగా ఉంటుంది, ధర కూడా దానికే ఎక్కువ. ఈ ఈగ మన కొండల్లో కనిపించే పెద్ద తేనెటీగే, ఒకే పట్టు కట్టి దానికే వేలాడేది.

ఒక మనిషి మాత్రం పడవ దిగడు. గేదె కొమ్ము బూర ఊదుతూ కూర్చుంటాడు. అడవిలోకి పోయినవాళ్లకు అన్ని దిక్కులూ ఒకేలా ఉంటాయి. బూర చప్పుడే దారి. నల్లమల చెంచులు కొండ అంచు నుంచి తాడు మీద వేలాడి తేనె కోసేటప్పుడు పైనున్న తాడును బావమరిది చేతికే ఇస్తారని చెబుతారు. వేలాడేవాడి ప్రాణం పోతే నష్టపోయేది తాడు పట్టినవాడి అక్కాచెల్లెళ్లే కాబట్టి ఆ చెయ్యి పట్టు వదలదట. ఇక్కడ తాడు లేదు, శబ్దం ఉంది. నమ్మకం మాత్రం అంతే బరువైనది.

అడవిలో ఉన్నంతకాలం పులి పేరెత్తరు, ‘మామ’ అంటారు. శుక్రవారం అడవిలోకి అడుగు పెట్టరు. దిగే ముందు బోన్‌బీబీకి మొక్కుకుంటారు. హిందువులు, ముస్లింలు ఇద్దరూ మొక్కే అడవి తల్లి ఆమె. కథ తెలిసినదే. ధోనా అనే తేనె వ్యాపారి దుఃఖే అనే పేద కుర్రాణ్ని వెంటబెట్టుకొచ్చి, తేనె, మైనాల ఆశకు పులి రూపంలోని దక్షిణ్ రాయ్‌కి బలిగా వదిలేసి పోతాడు. కుర్రాడి పిలుపు విని బోన్‌బీబీ అతణ్ని కాపాడుతుంది. ఆపై ఒప్పందం. ఉత్త చేతులతో, శుభ్రమైన మనసుతో వచ్చినవాడికి అడవిలో భయం లేదు, కావలసినదానికన్నా ఎక్కువ తీసుకోకూడదు. మనుషుల వైపు నుంచి ఆ ఒప్పందం ఎంతవరకు నిలిచిందో చెప్పలేం గానీ, అప్పులు తీర్చేందుకు అడవికి వచ్చేవాళ్ల మధ్య ధోనా ఎవరో దుఃఖే ఎవరో అందరికీ తెలుసు. ఇంటి దగ్గర ఆ రోజుల్లో భార్యలు తలకు నూనె రాయరు, సింధూరం పెట్టుకోరు. తిరిగి రాని భర్తల భార్యలను ‘బాఘ్ బిధవా’ అంటారు, పులి వితంతువులు. పాసు లేకుండా వెళ్లాడనో, వెళ్లకూడని భాగంలోకి వెళ్లాడనో పరిహారం అందక కలకత్తా హైకోర్టు మెట్లెక్కిన ఆడవాళ్లున్నారు.

అడవిలో రాత్రి గడిపే హక్కు ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడ ఒకసారి నెత్తుటి దాకా వెళ్లింది. 1978లో దండకారణ్యం శిబిరాల నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులు వేలాదిగా వచ్చి మరిచ్‌ఝాపి దీవిలో దిగారు. మన గోదావరి ఎగువన ఉన్న మల్కన్‌గిరి ప్రాంతమూ ఆ దండకారణ్యం పథకంలోదే. కట్టలు వేశారు, బడి పెట్టారు, బావి తవ్వారు. పులుల కోసం కేటాయించిన అడవి అంటూ రాష్ట్ర ప్రభుత్వం 1979 జనవరిలో దీవిని దిగ్బంధం చేసింది. ఆకలి, దాహం, కాల్పులు. మేలో మిగిలినవాళ్లను ఖాళీ చేయించారు. చచ్చినవాళ్ల లెక్క మీద నేటికీ తగవే. ఉప్పునీళ్ల అడవిలో మనిషిని లొంగదీయడానికి తుపాకీ కన్నా ముందు మంచినీళ్లు ఆపితే చాలు.

ఆ అడవి మీద రక్షణ పొరలు ఒకటొకటిగా పేరుకున్నాయి. 1973లో పులుల అభయారణ్యం, 1984లో జాతీయ పార్కు, 1987లో యునెస్కో వారసత్వ హోదా, 2019లో రామ్‌సర్ చిత్తడి నేల. భారత్ వైపు నూట రెండు దీవుల్లో నలభై ఎనిమిది అడవివి, యాభై నాలుగు మనుషులవి. ఈ రెంటి మధ్య పలుచోట్ల నైలాన్ వలలే సరిహద్దు. పులి వెనక నుంచే దూకుతుందన్న నమ్మకంతో 1986 ప్రాంతంలో అడవికి వెళ్లేవాళ్లకు తల వెనక తగిలించుకునే మనిషి ముఖం మాస్కులు పంచారు. కొంతకాలం పనిచేశాయి. తర్వాత పులులకే అర్థమైపోయిందని అంటారు.

నేల మీద నిజంగా మకాం ఉండేది అటవీ సిబ్బంది ఒక్కరే. స్తంభాల మీద లేపిన గదులు, చుట్టూ కంచె, పక్కనే వాన నీరు నిలిచే తీపినీటి చెరువు. ఆ చెరువు మనుషులకే కాదు, లేళ్లకూ వాటి వెనక వచ్చే పులికీ తాగునీరు. కొన్ని శిబిరాలు నీళ్ల మీద తేలుతూ ఉంటాయి. 2009 మేలో ఐలా, 2020 మేలో అంఫాన్, మరుసటి మేలో యాస్ వచ్చినప్పుడు ముందు కొట్టుకుపోయినవి ఇలాంటి జెట్టీలూ, కంచెలూ, తీపినీటి చెరువులే. ఉప్పునీరు ఒకసారి నిండిన చెరువు మళ్లీ తాగడానికి పనికిరావాలంటే వానలు కడగాలి.

ఇక లిలువా నుంచి బయల్దేరాలనుకునేవాళ్లకు. లోకల్‌లో హౌరా, అక్కడినుంచి హుగ్లీ కిందుగా పోయే మెట్రోలో సియాల్దా, దక్షిణ శాఖ రైలులో కానింగ్. మాతలా నది మీద కలకత్తాకు పోటీ రేవు కట్టాలని ఆంగ్లేయులు కలగన్న ఊరిది. ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ వద్దని 1853లోనే డల్హౌసీకి రాశాడు, వినలేదు, 1867 తుపాను రేవును ఊడ్చేసింది. కానింగ్ నుంచి రోడ్డు మీద గోద్‌ఖాలీ, ఆపై నీటి దారి. అనుమతి పత్రం, గైడు ఉన్న లాంచీలో రాత్రి గడపవచ్చు, చెప్పిన చోట లంగరు వేసి. లైట్లార్పమనండి. జనరేటరు ఆపమనండి. పాటల పెట్టె తెచ్చిన బృందం పక్క లాంచీలో ఉంటే చేసేదేమీ లేదు, నా మటుకు నాకు పులికన్నా అదే పెద్ద ఉపద్రవం. చీకటి చిక్కబడ్డాక నీళ్లను చేత్తో కలిపితే ఒక్కోసారి మెరుస్తాయి, నీటిలోని సూక్ష్మజీవుల వెలుగు అది. అర్ధరాత్రి ఎప్పుడో లాంచీ తనంతట తాను మెల్లగా వెనక్కి తిరుగుతుంది. పోటు మారిందన్నమాట. గుడారం, మేకులు ఇంట్లోనే వదిలేయండి. తాగునీళ్లు మాత్రం లెక్కకన్నా ఎక్కువ పెట్టుకోండి. తెచ్చిన ప్లాస్టిక్ తెచ్చినట్టే వెనక్కి పట్టుకెళ్లాలి.

మౌలేలు అడవిలోకి వెళ్లే అవసరం తగ్గించాలని 2020లో అటవీశాఖ ఒక దారి పట్టింది. కంచె వేసిన శిబిరాల ఆవరణల్లోనే తేనెపెట్టెలు పెట్టించి, ఆ తేనెను ‘బోన్‌ఫూల్’ పేరుతో అమ్మిస్తోంది. సుందర్‌బన్ తేనెకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. పెట్టె దగ్గర పనిచేసేవాడు సాయంత్రానికి కంచె లోపలే ఉంటాడు. అది చిన్న మార్పు కాదు. అయితే అడవిలో చెట్టుకు వేలాడే పెద్ద తేనెటీగను ఎవరూ పెట్టెలో పెంచలేకపోయారు. ఖల్సీ పూల తొలి తేనె కోసం ఏప్రిల్ రాగానే పాసులిచ్చే చోట పడవలు ఇంకా వరస కడుతూనే ఉన్నాయి.