వార్తల్లో పదం: తుప్పు నిరోధకం

నరసాపురం పరిసరాల్లోని బావుల నుంచి సహజవాయువుతో పాటు నీరు, కార్బన్ డయాక్సైడ్ కూడా రావచ్చు. ఆ రెండూ కలిస్తే కార్బోనిక్ ఆమ్లం ఏర్పడి ఉక్కు గొట్టాన్ని లోపలి నుంచి తినేస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి గొట్టంలోకి ఎక్కించే రసాయనమే తుప్పు నిరోధకం. ఇమిడజోలిన్ వంటి రసాయనాల్లో అణువు ఒక కొస ఉక్కును పట్టుకుంటుంది. జిడ్డు స్వభావమున్న రెండో కొస నీటిని దూరంగా నెడుతుంది. పది లక్షల పాళ్లలో కొన్ని పదుల పాళ్లు చాలు. ఇలా ఉక్కుపై ఏర్పడే రక్షణ పొర మోతాదు ఆగితే నిలవదు. గొట్టం అడుగున మడ్డి పేరుకుంటే ఈ మందు ఉక్కును చేరదు.

2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా మరణించారు. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో తడి వాయువు పంపారని, లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. మందు, శుభ్రత, తనిఖీ... ఈ మూడింటిలో ఏదీ మానకూడదు.