ఫిలిమును కడుగుట

ఫోటో తీయుటయందును, చీకటి గదిలో బొమ్మ వెలువడుటను చూచుటయందును బాలబాలికలకు గల ఉత్సాహము, పిమ్మట ఫిలిమును కడుగుటయందు సాధారణముగా కానరాదు. అది అంట్లు తోముట వంటి పనియని తలంతురు. కాని బొమ్మ యొక్క ఆయువు ఆ కడుగుటమీదనే ఆధారపడియున్నది. పెద్ద కెమేరాలలో ఒక్కొక్కటిగా అమర్చు, 4 అంగుళముల వెడల్పును 5 అంగుళముల పొడవును గల షీట్ ఫిలిమును ఇంట కడుగు విధమును ఇచ్చట వివరింతుము.

ఫిలిముపై నుండు జెలటిన్ పొరలో వెండి లవణములు ఇమిడియుండును. వెలుతురు సోకిన లవణములను డెవలపరు నల్లని వెండిగా మార్చును. సోకని వానిని హైపో, అనగా సోడియం థయోసల్ఫేటు, కరగించి తొలగించును. ఈ గుణమును 1819వ సంవత్సరమున జాన్ హెర్షెల్ కనుగొనెను. అయితే మేలుచేసిన యా హైపోయే పొరలో నిలిచిపోయినచో కీడు చేయును. కాలక్రమమున అందలి గంధకము వెండితో గలిసి, బొమ్మ పసుపువన్నెకు దిరిగి వెలిసిపోవును. ఈ దోషము ఆనాడే కనబడదు. ఏండ్లు గడచి, తాతగారి ముఖమును మరల చూడగోరిన దినమున కనబడును. అప్పుడు మరియొక చిత్రము తీయుటకు తాతగారు ఉండరు.

సికింద్రాబాదున స్టూడియో నడపి, ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ 1905లో మరణించెను. ఆయన గాజు నెగటివులు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు జేరినవి. నెగటివు అట్లు తరములు దాటవలెనన్న భద్రపరచుట యెంత ముఖ్యమో, మొదట చక్కగా కడుగుటయు నంత ముఖ్యము.

చక్కగా కడుగుట యనగా నీటిని విస్తారముగా పారబోయుట కాదు. నిమిషమునకు 4 లీటర్లు పారు కుళాయిని అరగంట విడిచినచో 120 లీటర్లు వ్యయమగును. దానికి మారుగా, పళ్లెములో ఫిలిమును పొరవైపు పైకి నుంచి, అరలీటరు నీరు పోసి, నడుమ నడుమ పళ్లెమును కదపుచు 5 నిమిషములు నాననిచ్చి, పూర్తిగా వంపివేయవలెను. అడుగున 20 మిల్లీలీటర్లు మిగిలెననుకొందము. మరల 500 వరకు నింపగా, మిగిలిన నీటిలోని హైపో 25వ వంతు పలుచనగును. మరియొకసారి చేసిన 625వ వంతు. మూడవమారు 15,625వ వంతు. పొరలోనిది వెలుపలికి వచ్చుటకు కొంత వ్యవధి కావలెను గనుకనే ప్రతిసారి 5 నిమిషములు నానవలెను. ఇట్లు ఆరుమార్లు చేసిన చాలును. ఖర్చు 3 లీటర్లు.

మన బెంజ్ సర్కిల్ పరిసరముల ఇండ్లలో వేసవి మధ్యాహ్నము మేడమీది తొట్టి నీరు చేయి కాలునట్లుండును. అట్టి నీట జెలటిన్ ఉబ్బి మెత్తబడును. గోరు తగిలినను గీతపడును. చల్లని హైపోనుండి వేడినీటిలోనికి ఒక్కసారిగా మార్చినచో పొర ముడుతలు పడవచ్చును. కావున మట్టికుండలో రాత్రి నింపియుంచిన నీటిని వాడుట మేలు. మంచుగడ్డలను ఫిలిమున్న నీటిలో వేయక, వెలుపలి పళ్లెములో నుంచవలెను.

ఫిలిము శుభ్రపడినదో లేదో కంటికి తెలియదు, పరీక్షింపవలెను. శుభ్రమైన నీటిలో పొటాషియం పర్మాంగనేటు ద్రావణపు చుక్కలు వేసి లేత గులాబివన్నె తెచ్చి, రెండు పరీక్షనాళికలలో సమముగా పోయుడు. ఫిలిము చివరిసారి నానిన నీటిచుక్కలను ఒకదానిలోను, కుండలోని నీటిచుక్కలను అన్నియే రెండవదానిలోను వేయుడు. మొదటిదాని వన్నె పోయి రెండవదానిది నిలిచినచో హైపో యింకను ఉన్నదని యెరుగునది. రెండవ నాళిక లేనిచో మోసపోవుదుము. ఏలన నీటిలోని కుళ్లిన ఆకు అలముల అంశములును ఈ వన్నెను పోగొట్టగలవు.

కడపట డిస్టిల్డు వాటరులో ముంచి, దుమ్ములేని చోట ఒక మూలను పట్టి వ్రేలాడదీసినచో సున్నపు మరకలు పడవు. వాడిన హైపోలో వెండి యుండును గనుక కాలువలో పోయక, సీసాలో దాచి, వెండి తీయువారి కిచ్చునది. చీకటి గది పళ్లెములను వంటకు వాడరాదు.

అరగంట ఓర్పును, మూడు లీటర్ల నీరును, ఒక నాళికెడు పర్మాంగనేటును వెచ్చించిన, నేడు తీసిన చిత్రమును మీ మనుమలు చూతురు.