గుండెమీద తప్పెట, కాళ్ళకింద లెక్క

"ఏటి తాతా, పడతారు, దొర్లుతారు, లేస్తారు. దీన్ని కూడా డాన్సంటారా?" అంది మా మనవరాలు, టీవీలో కంటెంపరరీ డాన్సు చూస్తూ.

అంటారే బుజ్జీ. అందులో అసలు విద్య పడి లేవడమే! అమెరికాలో డోరిస్ హంఫ్రీ అనే ఆవిడ నాట్యాన్నంతా ఒరిగిపోవడానికీ నిలదొక్కుకోవడానికీ మధ్య జరిగే ఆటగా చూసింది. ఆవిడ కాలంలోనే మార్తా గ్రాహం 1926లో సొంత బృందం పెట్టింది. ఊపిరి వదిలేటప్పుడు పొట్ట లోపలికి ముడుచుకుంటుంది, పీల్చితే విచ్చుకుంటుంది కదా, ఆ కదలికమీదే తన నాట్యాన్ని నిలబెట్టింది. పొట్ట, నడుము కండరాలకి అంతకన్నా మంచి కసరత్తేముంది?

ఇక ఒరిగినవాడు పడకుండా ఎలా నిలబడతాడో చూద్దాం. చెంబులో నీళ్ళు పోసి గిర్రున తిప్పు. చెంబు తిరుగుతుంది గాని నీళ్ళు కాసేపు వెనకబడతాయి. నీ లోచెవిలోనూ అంతే. అక్కడ ద్రవం నిండిన మూడు అర్ధవలయాల గొట్టాలున్నాయి. తల తిప్పగానే గొట్టం తిరిగి, ద్రవం వెనకబడి, లోపలి సన్నటి కేశకణాలు వంగుతాయి. "తల తిరిగింది" అని మెదడుకి కబురు పోతుంది. కళ్ళు మరో కబురు పంపుతాయి. కండరాల్లో, కీళ్ళలో ఉన్న నాడుల కొసలు ఇంకో కబురు. వీటన్నిటినీ సరిచూసుకుని ఏ కండరం బిగించాలో, ఏది వదలాలో చిన్నమెదడు సర్దుతుంది. వయసు మీదపడ్డకొద్దీ ఈ కబుర్లు మందగిస్తాయి. బాత్రూములో కాలు జారితే మీ మామ్మకి నిలదొక్కుకోవడం కష్టమయ్యేది అందుకే.

"అలాగైతే నువ్వు రోజూ శారదా నది దాకా నడుస్తున్నావుగా, అది చాలదా?" అంటావు. నడక మంచిదే, మానమనను. కానీ జర్మనీలోని మాగ్దెబర్గ్‌లో శాస్త్రజ్ఞులు చేసిన పరీక్ష ఒకటి 2017లో అచ్చయింది. వయసు మళ్ళినవాళ్ళని రెండు జట్లు చేసి, 18 నెలలు ఒక జట్టుచేత మామూలు కసరత్తులు చేయించారు. రెండో జట్టుకి డాన్సు నేర్పారు. అడుగు అలవాటయిందనగానే దాన్ని మార్చి కొత్తది ఇచ్చేవారు. జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం రెండు జట్లలోనూ పెరిగింది. ఒంటి నిలకడ మాత్రం డాన్సు జట్టుకే మెరుగుపడింది. చేసిందే చేస్తుంటే కండకి పని దొరుకుతుంది, బుర్ర నిద్రపోతుంది. కొత్త అడుగు రెండింటినీ లేపుతుంది.

న్యూయార్కులోనూ 75 దాటిన 469 మందిని కొన్నేళ్ళపాటు గమనించి, 2003లో ఫలితాలు చెప్పారు. చూసిన శారీరక వ్యాపకాల్లో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది డాన్సు చేసేవాళ్ళలోనే. అయితే తొందరపడకు. బుర్ర చురుగ్గా ఉన్నవాళ్ళే డాన్సుకి వెళ్ళారేమో కూడా! రెండు సంగతులు పక్కపక్కన కనబడినంతమాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు.

మనసు సంగతికి వద్దాం. కొత్త అమావాస్యకి గవరపాలెం నూకాంబిక జాతర మొదలవుతుంది కదా. జాతర రోజుల్లో తప్పెటగుళ్ళ బృందం ఎక్కడైనా కనిపిస్తే నిలబడి చూడు. గుండెమీద గుండ్రటి రేకు తప్పెటలు, కాళ్ళకి గజ్జెలు, నోట గంగమ్మ పాట. చేతులది ఒక లెక్క, కాళ్ళది ఒక లెక్క, గొంతుది ఇంకొకటి. ఎగిరి దిగిన ప్రతిసారీ ఎముకమీద బరువు పడుతుంది. ఆ బరువుని పసిగట్టిన ఎముక గట్టిపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పక్కవాడితో అడుగు కలవాలి.

ఆ కలయికలోనే ఉంది కిటుకు. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన బ్రాన్విన్ టార్ బృందం బ్రెజిల్‌లో 264 మంది విద్యార్థులచేత డాన్సు చేయించి, 2015లో ఫలితాలు ప్రకటించింది. కొందరు ఒళ్ళంతా కదిలించారు, కొందరు కూర్చుని చేతులే ఆడించారు. కొందరు ఒక్కటిగా, కొందరు ఎవరికి వారుగా. బీపీ చూసే పట్టీ చేతికి బిగించి, ఎంత నొప్పి ఓర్చుకోగలరో కొలిచారు. ఒళ్ళు వంచినా ఓర్పు పెరిగింది, అడుగు కలిపినా పెరిగింది. తోటివాళ్ళు మనవాళ్ళే అన్న భావమూ పెరిగింది. ఒంట్లో ఊరే ఎండార్ఫిన్లు దీనికి కారణమని వాళ్ళ అంచనా. అరకులో ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి ఆడే ధింసా చేసేదీ ఈ పనే.

జబ్బుపడ్డవాళ్ళకీ డాన్సు ఆసరా అవుతుంది. పార్కిన్సన్స్ జబ్బులో ఒక్కోసారి అడుగు ముందుకు పడక మనిషి ఉన్నచోటే ఆగిపోతాడు. తాళం వినిపిస్తే చాలామందికి పడుతుంది. న్యూయార్కులోని మార్క్ మోరిస్ నాట్య బృందం 2001 నుంచి అలాంటివాళ్ళకి డాన్సు పాఠాలు చెబుతోంది.

కాబట్టి బుజ్జీ, నువ్వు నేర్చుకో. కీలుబొమ్మలా ఎవరినో అనుకరించడానికి కాదు, నీ ఒంటిని నువ్వు తెలుసుకోవడానికి. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 3 రోజులు నిలకడకీ బలానికీ కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ మామ్మని కూడా కలుపుకో. ముందు డాక్టరుగారిని అడగండి. తడిలేని నేల, చేతికందే గోడ ఉండాలి. దూకుళ్ళు ఆవిడకి వద్దు. ఒక అడుగు వచ్చేసిందని ఆవిడ మురిసిపోగానే మాత్రం జాలిపడకు, వెంటనే ఇంకోటి చెప్పు.