గాజు తొట్టిలో కౌజు కాపురం

చేపల కోసం తయారైన గాజు తొట్టి నీటిని బొట్టు కూడా జారనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అందులో పక్షిని పెంచదలచినవారికి మొట్టమొదట ఎదురయ్యే చిక్కు కూడా అదే. నాలుగు గోడలూ అడుగూ సిలికాన్ జిగురుతో అతుక్కుపోయిన ఆ పెట్టెకు పైభాగం ఒక్కటే తెరిచి ఉంటుంది గనుక, లోపల పుట్టే వేడి, పిట్టల ఊపిరి నుంచి చేరే తేమ, రెట్టలు కుళ్ళినప్పుడు వెలువడే అమ్మోనియా అనే ఘాటైన వాయువు, అన్నీ ఆ ఒక్క దారినే బయటపడవలసి ఉంటుంది. కౌజు పిట్టలను ముచ్చటపడి పెంచుకునేవారు గాజు తొట్టిని కోరుకోవడానికి సరైన కారణాలే ఉన్నాయి: ఇసుకా ఊకా గదిలోకి చిందవు, పిల్లి పంజా లోపలికి చేరదు, పిట్టల నడకా మేతా కూడా అడ్డు లేకుండా కనిపిస్తాయి. అయితే ఈ లాభాల్లో ఎక్కువ భాగం చూసే మనిషివే. లోపల కాపురముండే పిట్టకు కావలసినవి కాళ్ళకింద మెత్తని నేల, చుట్టూ ఆడే గాలి, భయమేసినప్పుడు దాగే చాటు. తొట్టిని అమర్చడమంటే ఈ మూడింటినీ గాజు మధ్యకు తీసుకురావడమే.

కౌజు, కోడికీ నెమలికీ చెందిన కుటుంబంలోని పక్షి. అది కొమ్మల మీద వాలదు, నేల మీదే తిరిగి, నేల మీదే మేసి, నేల మీదే నిద్రపోతుంది. చిలుకల పంజరంలో ఉండే అడ్డకర్రలూ ఉయ్యాలలూ దానికి పనికిరావు. తెలుగునాట మెట్టచేలలోనూ గడ్డిబీళ్ళలోనూ తిరిగే అడవి కౌజులను ఉచ్చులు వేసి పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి, ఇంట్లో పెంచుకోదగినది ఫారాల్లో పుట్టి పెరిగే జపనీస్ కౌజు మాత్రమే. జపాన్‌లో శతాబ్దాల పాటు కూత కోసమూ, ఇరవయ్యో శతాబ్దం నుంచి గుడ్ల కోసమూ పెంచిన ఈ జాతిని మన దేశానికి 1974లో తీసుకువచ్చి, ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పరిశోధనా కేంద్రంలో అభివృద్ధి చేశారు. పెద్దదైన పిట్ట 150 నుంచి 200 గ్రాముల బరువు తూగుతుంది. పుంజు కంటే పెట్టే బరువు. పుంజు రొమ్ము చుక్కలు లేకుండా ఇటుక రంగులో ఉంటుంది, పెట్ట రొమ్ము మీద నల్లని మచ్చలుంటాయి. మూడో వారం దాటాక ఈ తేడాను బట్టి వాటిని గుర్తించవచ్చు.

ఫారాల్లో ఊక పరచిన నేల మీద చదరపు అడుగుకు ఆరు పిట్టల దాకా పెంచుతారు. ఆ లెక్క ఐదారు వారాల్లో మాంసానికి పోయే పిట్టలకు వేసినది. రెండు మూడేళ్ళు ఇంట్లో బతకవలసిన పిట్టకు దాన్ని వర్తింపజేయడం అన్యాయం. ఒక్కో పిట్టకు కనీసం ఒక చదరపు అడుగు, వీలైతే ఒకటిన్నర చదరపు అడుగు చొప్పున లెక్కకట్టాలి. అంటే ఒకటిన్నర చదరపు అడుగు లెక్కన, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల తొట్టిలో నాలుగు పిట్టలు ఉండవచ్చు, అంతకు మించి ఉండకూడదు. అలంకారానికి అమ్మే రెండడుగుల తొట్టి కౌజు పిల్లలను తొలి రెండు వారాలు ఉంచడానికి పనికొస్తుందే తప్ప, పెద్ద పిట్టలకు శాశ్వత నివాసం కాజాలదు. కొనేటప్పుడు ఎత్తు కంటే పొడవూ వెడల్పూ చూసుకోవాలి, ఎందుకంటే నేల పక్షికి తొట్టి ఎత్తు వల్ల ఒరిగేది ఏమీ లేదు.

గాలి సమస్యకు అన్నిటికంటే మేలైన పరిష్కారం, చిన్న పక్కల్లో ఒకదాని గాజును తీయించి, ఆ స్థానంలో చెక్క చట్రానికి బిగించిన సన్నని ఇనుప వలను అమర్చడం. అక్వేరియం దుకాణాల్లో తొట్లు అతికేవారు జిగురును పలుచని బ్లేడుతో కోసి, పలకను పగలకుండా తీసివేయగలరు. వల కన్ను పావు అంగుళానికి మించకపోతే ఎలుక లోపలికి దూరలేదు, చిన్న కౌజు పిల్లలు బయటికి రాలేవు. పక్కనున్న వల గుండా వచ్చిన గాలి పైకప్పు వల గుండా పోతుంది గనుక, అడుగున నిలిచే తేమ కూడా ఆరుతుంది. తొట్టి దగ్గరికి ముఖం పెట్టినప్పుడు ముక్కుకు ఏ కాస్త ఘాటు తగిలినా, రోజంతా ఆ గాలినే పీల్చే పిట్ట కళ్ళకూ ఊపిరితిత్తులకూ అప్పటికే హాని మొదలైందని భావించాలి.

పైకప్పు విషయంలో కౌజుకున్న ఒక ప్రత్యేక స్వభావాన్ని తప్పనిసరిగా దృష్టిలో పెట్టుకోవాలి. గడ్డిలో నక్కి ఉన్న కౌజు, శత్రువు మీదికి వచ్చేదాకా కదలకుండా ఉండి, చివరి క్షణంలో నిట్టనిలువుగా పైకి ఎగురుతుంది. పొలంలో ప్రాణం కాపాడే ఈ గుణమే తొట్టిలో ప్రాణం మీదికి తెస్తుంది: తలుపు ధడాలున మూసుకున్నా, రాత్రి వేళ హఠాత్తుగా దీపం వెలిగినా పిట్ట అదే వేగంతో లేచి, గట్టి మూతకు తల కొట్టుకుని, నెత్తి చర్మం చీలడమో మెడ విరగడమో జరుగుతుంది. అడుగులోపు ఎత్తున్న గూటిలో దానికి వేగం అందుకునే చోటు ఉండదు, నిలువెత్తు గదిలో కప్పు అందదు; మామూలు తొట్ల ఎత్తైన పదిహేను నుంచి పద్దెనిమిది అంగుళాలు సరిగ్గా ప్రమాదకరమైన మధ్య ఎత్తు. కాబట్టి మూతను రెండు పొరలుగా చేయాలి: పైన పిల్లి, ఎలుక రాకుండా గట్టి ఇనుప వల, దానికి రెండు మూడు అంగుళాల కింద కాస్త వదులుగా కట్టిన దోమతెర గుడ్డ. ఎగిరిన పిట్ట, తల ఆ మెత్తని తెరకు తగిలి, దెబ్బ లేకుండా కిందికి దిగుతుంది.

అడుగున రెండు మూడు అంగుళాల మందాన ఎండిన వరి ఊకను గానీ, చిత్రిక పట్టగా వచ్చిన చెక్క పొరలను గానీ పరచాలి. బూజు వాసన వచ్చే ఊకను, తడిసి ఆరిన వేరుశనగ తొక్కలను ఎంత చవకగా దొరికినా వాడకూడదు, ఎందుకంటే ఆ బూజు పిట్టల ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణాంతకమైన జబ్బుకు దారితీస్తుంది. ఒక మూలన వెడల్పాటి మట్టి మూకుడులో జల్లించిన పొడి ఇసుక పెట్టడం అలంకారం కోసం కాదు, అది కౌజుకు స్నానఘట్టం. పిట్ట అందులో దిగి, ముక్కుతో ఇసుకను ఒంటివైపు లాక్కుని, ఒక పక్కకు ఒరిగి, కాళ్ళతో తన్నుతూ రెక్కలు అల్లాడించి ఈకల సందుల్లోకి ఇసుక పట్టించుకుంటుంది. కాసేపు అలాగే కళ్ళు అరమోడ్చి పడుకుని, లేచి ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుంటుంది. ఈకల్లోని అదనపు జిడ్డు, పేలు ఇలా వదులుతాయి. ఇసుక దొరకని పక్షులు ఉత్త తీగల నేల మీద కూడా ఈ కదలికలన్నీ చేయడం గమనించారంటే, ఆ అవసరం వాటిలో ఎంత లోతుగా ఉందో అర్థమవుతుంది. ఇసుక మురికి పడగానే మార్చాలి.

గాజు గోడ పిట్ట కంటికి గోడలా కనిపించదు. కొత్తగా వచ్చిన పిట్టలు దాన్ని దాటబోయి ముక్కు గాయపరచుకుంటాయి కాబట్టి, వెనుక పలకకూ ఒక పక్క పలకకూ బయటి నుంచి దళసరి కాగితం అంటించి, ముందు పలకకు కూడా తొలి వారం కింది భాగాన కాగితం ఉంచడం మంచిది. లోపల ఎండుగడ్డి కుచ్చులు, బోర్లించి ఒక పక్క పగలగొట్టి అంచు నున్నగా అరగదీసిన పూలకుండీ పెడితే చాటు ఏర్పడుతుంది. దాగే చోటున్న పిట్టే ధైర్యంగా బయట తిరుగుతుంది.

తొట్టిని ఎండ పడే కిటికీ దగ్గర ఎన్నడూ ఉంచకూడదు. ఎండ గాజు గుండా లోపలికి వచ్చి, ఆ వేడి బయటికి పోలేక నిలిచిపోతుంది. వేసవిలో 42, 43 డిగ్రీలు తాకే తెలుగు జిల్లాల్లో కొద్దిసేపటి నిర్లక్ష్యం కూడా ప్రాణాలు తీస్తుంది. చెమట పట్టని పక్షి ప్రధానంగా ముక్కు తెరిచి రొప్పడం ద్వారా వేడిని వదిలించుకోగలదు గనుక, రొప్పు కనిపించిన వెంటనే తొట్టిని చల్లని గదికి మార్చాలి. వెలుతురు కూడా లెక్కలోకి రావాలి. మన ప్రాంతంలో సహజమైన పగలు ఏడాది పొడవునా దాదాపు 11 నుంచి 13 గంటలు ఉంటుంది. ఫారాల్లో గుడ్ల కోసం దీపాలతో దాన్ని 16 గంటల దాకా పొడిగిస్తారు. హాలులో రాత్రి పదకొండు దాకా టీవీ, దీపాలు వెలుగుతుంటే తెలియకుండానే పెట్ట మీద అదే ఒత్తిడి పడుతుంది, విరామం లేక గుడ్లు పెట్టి నీరసిస్తుంది. సాయంత్రం దాటాక వెలుగు లేని గదిలో ఉంచడం ఉత్తమం.

పొదిగిన గుడ్లు పిల్లలు కావడానికి 17, 18 రోజులు పడుతుంది. ఫారం జాతి పెట్టలు పొదిగే గుణాన్ని చాలావరకు కోల్పోయాయి కాబట్టి ఇంక్యుబేటర్ అనే పొదిగే యంత్రం అవసరమవుతుంది. ఏడెనిమిది గ్రాములుండే పిల్లలకు తొలి వారం 35 నుంచి 37 డిగ్రీల వెచ్చదనం ఇచ్చి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి; బల్బును తొట్టికి ఒక కొసన మాత్రమే వేలాడదీస్తే, చలివేసిన పిల్ల దగ్గరికి చేరుతుంది, వేడెక్కిన పిల్ల దూరం జరుగుతుంది. జారే వార్తాపత్రిక మీద నిలబడిన పిల్లల కాళ్ళు పక్కలకు చీలిపోతాయి గనుక తొలి రోజుల్లో గరుకైన గోనెపట్టా పరచాలి. నీళ్ళు పోసిన మూతలో గులకరాళ్ళు వేయకపోతే పిల్లలు అందులో పడి చనిపోతాయి. అప్పుడే పుట్టిన పిల్లలను చీమలు బతికుండగానే కొరికి చంపుతాయి కాబట్టి తొట్టిని నిలిపిన స్టాండు కాళ్ళను నీటి గిన్నెల్లో నిలపడం తప్పనిసరి.

మేతలో కోడికంటే కౌజుకు మాంసకృత్తులు ఎక్కువ కావాలి: పిల్లలకు దాదాపు 25 శాతం, గుడ్లు పెట్టే పెట్టకు 20 శాతం. బ్రాయిలర్ పిల్లల ప్రీస్టార్టర్ మేతను మెత్తగా ఆడించి తొలి వారాల్లో వాడవచ్చు. పెద్ద పెట్టలకు విడిగా ఆల్చిప్పల పొడి పెట్టాలి. కొర్రలు, సన్నగా తరిగిన తోటకూర అప్పుడప్పుడూ ఇవ్వవచ్చు.

ఒక తొట్టిలో రెండు పుంజులను ఉంచితే, ఆరో వారం దాటి ఈడేరాక ఒకదాని నెత్తిని మరొకటి రక్తం వచ్చేలా పొడుస్తుంది. ఒక పుంజు, మూడు పెట్టలు సరైన సంఖ్య. అపార్ట్‌మెంట్లలో పుంజు కూత ఇబ్బంది అయితే పెట్టలను మాత్రమే పెంచుకోవచ్చు. తడిసిన ఊకను రోజూ, మొత్తం పరుపును వారానికొకసారి మార్చి, తొట్టిని తాకిన ప్రతిసారీ, ముఖ్యంగా ఇంట్లోని చిన్నపిల్లలు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఎందుకంటే ఆరోగ్యంగా కనిపించే పిట్ట రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి ఉండవచ్చు. ఆ తొట్టి వంటగదిలో ఉండకూడదు. ఈకలు ఉబ్బించుకుని ఒక మూల ముడుచుకున్న పిట్టను ఆ పూటే వేరు చేయాలి. ఒకటి రెండు రోజుల్లో పిట్టలు వరసగా చనిపోతే కళేబరాలను చేత్తో తాకకుండా పశువైద్యశాలకు కబురు పెట్టాలి.