రుద్దక్కర్లేదట!

పెయింటరు రాసిచ్చే అంచనా కాగితంలో ఈ మధ్య అందరూ కొట్టేయిస్తున్న పద్దు ఒకటుంది: ‘పాతది కడిగి రుద్దినందుకు కూలి’. రంగు డబ్బా ధర దగ్గర ఎవరూ పేచీ పెట్టరు. కొత్త బ్రష్షులకూ అభ్యంతరం ఉండదు. రుద్దుడు కూలి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంటాయన ఫోను తీస్తాడు. అందులో ఒకమ్మాయి చెరగని నవ్వుతో, పాత వార్నిష్ మెరుపు మీదే బ్రష్షు ఆడిస్తూ, ‘గీకక్కర్లేదు, రుద్దక్కర్లేదు, ప్రైమర్ అసలే అక్కర్లేదు’ అంటూ అర నిమిషంలో వంటింటి అరల తలుపులన్నీ తెల్లగా మెరిపించేస్తుంది. పెయింటరుకు పని కావాలి కదా, ‘మీ ఇష్టం సార్’ అని వేసి పోతాడు. తామే వేసుకుందామని దిగినవాళ్లకు ఆ మాత్రం నసిగేవాళ్లు కూడా ఉండరు.

ఆ వంటిల్లు ఆరు నెలల తర్వాత ఎలా ఉందో ఎవరూ వీడియో తీయరు. మనం తిరిగే ఇళ్లలో మాత్రం చూస్తూనే ఉన్నాం. ముందు సింకు కింది తలుపు అడుగు అంచు లేస్తుంది. తర్వాత పిడి చుట్టూ, రోజుకు ఇరవైసార్లు చేయి తగిలే చోట. ఆపైన స్టవ్వుకు ఎగువన. ఒకచోట గోరు దూరిందంటే ఉడకబెట్టిన బంగాళాదుంప తొక్కలా రంగు పొరకు పొర వచ్చేస్తుంది. కింద పాత వార్నిష్ చెక్కుచెదరకుండా నవ్వుతూ ఉంటుంది. సగం ఊడి సగం పట్టుకున్న ఆ రంగును గీకి తీయడం, మొదట్లో చేయాల్సిన రుద్దుడుకన్నా ఎంతో కష్టం. దాంతో విసిగిపోయి ‘ఈ చెక్క పనికిరాదు’ అని తేల్చేస్తారు. తాతల నాటి టేకు తలుపులు పాత కలప కొట్టుకు వెళ్తాయి, వాటి స్థానంలో పొట్టుతో చేసిన బోర్డు అరలు లక్షల ఖర్చుతో వస్తాయి. నాకు కోపం రంగు ఊడినందుకు కాదు, ఈ మారకానికి.

ఈ ‘రుద్దక్కర్లేదు’ మాటకు ఒక పుట్టుక ఉంది. ఇంగ్లండ్‌లో అనీ స్లోన్ అనే ఆవిడ 1990లో చాక్ పెయింట్ అని ఒకటి తయారు చేశారు. పాత కుర్చీలు, బీరువాలు, డ్రాయింగు రూము బల్లల మీద పెద్దగా తయారీ లేకుండా వేసుకోవడానికి పుట్టిన రంగు అది. నున్నని మెరుపు ఉండదు, కాస్త సుద్దగా ఉంటుంది, పైన మైనం రుద్ది వదిలేస్తారు. ఆ పనికి అది చక్కని రంగే. కానీ పొడిగదిలో నిలబడ్డ బీరువాకు చెప్పిన మాటను, రోజుకు రెండుపూటలా పోపు పేలే మన వంటింటికి తెచ్చి అతికించారు. మైనం పూత వేడినీ నూనెనీ ఎన్నాళ్లు తట్టుకుంటుంది? పైగా ఇక్కడ దొరికే మామూలు ఎనామిల్‌కి కూడా అదే సూత్రం వర్తిస్తుందని ఎవరో అనుకున్నారు, మిగతావాళ్లు నమ్మేశారు. వేసే ముందు ఉపరితలాన్ని శుభ్రం చేసి గరుకు చేయాలని డబ్బా వెనక రాసి ఉంటుంది. ముందువైపు బొమ్మ చూసి కొనేవాళ్లకు వెనకవైపుతో పనేముంది!

అసలు రంగు చెక్కను ఎలా పట్టుకుంటుంది? పాత వార్నిష్, పాత ఎనామిల్ ఎండిపోయి గట్టిపడిన పొరలు. కొత్త రంగు వాటిలో ఇంకదు, కలవదు. కాబట్టి పైన పట్టు దొరకాలి. ఉప్పుకాగితం చేసే పని అదే. నున్నటి మెరుపు మీద కంటికి సరిగా ఆనని సన్నగీతలు పెట్టి, కొత్త పొర వాటిలోకి దిగి పట్టుకునేలా చేస్తుంది. అంతే. ఇందులో మంత్రం లేదు, దొంగదారీ లేదు.

దీనికన్నా పెద్ద శత్రువు ఇంకొకటి ఉంది, దాని సంగతి వీడియోల్లో వినపడదు. పోపు పొగతో పాటు నూనె కూడా సన్నని తుంపరగా గాల్లోకి లేచి అరల మీద వాలుతుంది. పొద్దుతిరుగుడు నూనె, నువ్వుల నూనె లాంటివి వేడికీ గాలికీ పలచగా పరుచుకుని ఉంటే మెల్లగా చిక్కబడి, పసుపు రంగు జిగురుగా మారతాయి. అరల పైభాగాన వేలు పెడితే అంటుకునే ఆ మడ్డి ఇదే. తమాషా ఏమిటంటే ఆయిల్ పెయింట్ ఆరేది కూడా ఇదే పద్ధతిలో: గాల్లోని ఆక్సిజన్‌ని పీల్చుకుని దానిలోని నూనె గట్టిపడుతుంది. అంటే మీ తాలింపు ఇన్నేళ్లుగా అరలకు ఒకరకం నాసి వార్నిష్ వేస్తూ వచ్చిందన్నమాట. కొత్త రంగు ఆ జిగురును పట్టుకుంటుంది, చెక్కను కాదు. స్టవ్వు వేడికి జిగురు మెత్తబడ్డప్పుడు దాంతోపాటే రంగూ జారుతుంది.

అందుకే వరస ముఖ్యం. కడగకుండా రుద్దితే జిడ్డు ఉప్పుకాగితానికి పట్టి, ఆ కాగితమే తలుపంతా తిరిగి పులుముతుంది. ముందు గోరువెచ్చని నీళ్లలో బట్టల సోడా వేసి, పీచుతో తోమి, రెండుసార్లు మంచినీళ్ల గుడ్డతో తుడవాలి. సోడా మిగిలితే అదీ తంటానే. చేతికి తొడుగులు వేసుకోండి, అల్యూమినియం పిడులుంటే ముందే విప్పేయండి, సోడాకు అవి నల్లబడతాయి. ఆరాక రుద్ది, మళ్లీ తుడిచి, నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. నీళ్లు ముత్యాల్లా గుండ్రంగా నిలిచాయంటే జిడ్డు ఇంకా ఉంది. పలచగా పరుచుకున్నాయంటే రంగుకు సిద్ధం. ఈ పరీక్షకు కాణీ ఖర్చు లేదు కాబట్టే కాబోలు, దీన్ని ఎవరూ ప్రచారం చేయరు.

ఈ అపోహకు ఎదురుగా ఇంకొకటి ఉంది, పాతకాలపు మేస్త్రీలది. చెక్క తెల్లగా బయటపడేదాకా గీకాలంటారు. పాత పూత గట్టిగా పట్టుకుని ఉంటే అంత అవసరం లేదు. దాని మెరుపు చచ్చి, మసకబారితే చాలు. 180 నంబరు కాగితంతో ఒకసారి, ప్రైమర్ ఆరాక 220తో ఒకసారి. పొలుసులు లేచిన చోట మాత్రమే కిందిదాకా పోవాలి. ‘రుద్దడం’ అనగానే జనం భయపడి పారిపోతున్నది ఈ అతి గీకుడును తలుచుకునే.

ఇక ఒక్క విషయంలో, ఇష్టం లేకపోయినా, ఆ వీడియో అమ్మాయికి సగం మార్కులు వేయాలి. పాత ఆయిల్ పెయింటును పొడిగా రుద్దకపోవడమే మంచిది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో, ముఖ్యంగా కొట్టొచ్చే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం దండిగా ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము నేల మీదా, పప్పు డబ్బాల మీదా పడుతుంది. పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. ఎదిగే మెదడుకు సీసం చేసే కీడుకు ఇంత తక్కువైతే పరవాలేదన్న హద్దు లేదు. కాబట్టి రుద్దొద్దన్నవాళ్లు ఈ మాట చెప్పి ఉంటే నేను చేతులెత్తి దండం పెట్టేవాణ్ణి. చెప్పలేదు. వాళ్లది ఒళ్లు వంగని బాధ మాత్రమే. దీనికి మందు రుద్దడం మానేయడం కాదు, తడిపి రుద్దడం. వాటర్ పేపర్ అని అడిగితే హార్డ్‌వేర్ షాపులో ఇస్తారు. దాన్ని నీళ్లలో ముంచి రుద్దితే దుమ్ము లేవదు, బురదగా దిగుతుంది. ఆ బురదను గుడ్డతో ఎత్తి, గుడ్డను పారేయాలి. చీపురు ముట్టుకోకూడదు. ముక్కుకు ఎన్-95 మాస్కు కట్టుకోవాలి. ఆ రెండు రోజులూ పిల్లలూ గర్భిణులూ ఇంట్లో లేకుండా చూసుకోవాలి. ప్లైవుడ్ అంచుల దగ్గర నీళ్లు మరీ ఎక్కువ పోయకండి, ఉబ్బుతాయి. రంగు పొలుసులుగా రాలుతూ, ఇంట్లో పసిపిల్లలుంటే ఆ తలుపులు విప్పి బయట ఎక్కడైనా పని తెలిసినవాళ్లకు ఇచ్చేయడమే నయం.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు ఇవ్వను. రంగు వేస్తే చెదలు పట్టవంటారు. చెద వచ్చేది గోడలోంచి, వెనకనుంచి, మీరు రంగు వేసేది ముందువైపు. ఉల్లిపాయ కోసి పెడితే పెయింటు వాసన పీల్చేస్తుందట. అప్పుడు గదిలో రెండు వాసనలుంటాయి, కిటికీ తెరవండి. వాసన పోయింది కాబట్టి ఆరిపోయిందనడం కూడా అలాంటిదే. పలచగా రెండు కోటింగులకు బదులు మందంగా ఒకటి కొడితే పైన తోలు కట్టి, లోపల పచ్చిగా ఉండి, ముడతలు పడుతుంది. గోడకు మిగిలిన ఎమల్షన్ అరలకు వాడితే మొదటి తడిగుడ్డకే మెత్తబడుతుంది. లప్పం పెట్టాం కాబట్టి ప్రైమర్ ఎందుకనేవారికి: లప్పం గుంట పూడుస్తుంది, ప్రైమర్ పట్టు ఇస్తుంది, ఒకటి రెండోదాని పని చేయదు. ఆగ్నేయపు వంటింటికి ఏ రంగు కలిసొస్తుందో నన్నడగొద్దు. ఏ రంగైనా జిడ్డు మీద వేస్తే కలిసిరాదు.

‘నీళ్ల పెయింటు వంటింట్లో నిలవదు’ అన్నదానికి మాత్రం రెండు మాటలు చెప్పాలి. ఒకప్పుడు నిజమేమో గానీ చెక్కకోసమే తయారయ్యే నీళ్ల ఎనామిల్స్ ఇప్పుడు బాగా గట్టిపడుతున్నాయి. తెల్ల రంగైతే అవే మేలు కూడా. నూనె ఎనామిల్ తెలుపు కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, అదీ ఎండలో కాదు, చీకట్లో. మూసి ఉంచే తలుపు లోపలివైపు ముందుగా పసుపెక్కడం అందుకే. అయితే నీళ్ల పెయింటును పాత నూనె ఎనామిల్ మీద నేరుగా వేయకూడదు, మధ్యలో ప్రైమర్ తప్పనిసరి. కింద ఉన్నది ఏదో తెలియకపోతే దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక మూల గట్టిగా రుద్దండి. రంగు మెత్తబడి దూదికి అంటితే నీళ్ల రకం, కదలకపోతే చాలామటుకు నూనె రకం. రంగు లేని పాత మెరుపు కరిగి గోధుమరంగుగా వస్తే అది లక్క పాలిష్.

టేకు అయితే ఇంకో మెలిక ఉంది. దానిలో సహజంగానే నూనె ఉంటుంది, ఒట్టి టేకు మీద రంగు సరిగా ఆరదు. ప్రైమర్‌కి కాస్త ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, నూనె మళ్లీ పైకి ఊరకముందే వేసేయాలి. మన ఇళ్లలో ‘చెక్క అరలు’ అనేవాటిలో చాలా భాగం ప్లైవుడ్ మీద అతికించిన సన్‌మైకా. దానికి మామూలు వుడ్ ప్రైమర్ చాలదు. నున్నటి ఉపరితలాలకు పట్టే ప్రైమర్ విడిగా అడిగి తెచ్చుకోవాలి. అప్పటికీ అది చెక్క మీద నిలిచినంత కాలం నిలవకపోవచ్చు, ముందే తెలిసి దిగండి.

వేసుకోదలిచినవాళ్లు తలుపుల్ని విప్పండి. మడత బందుల మీదుగా బ్రష్షు పోనిచ్చినవాళ్ల తలుపులు తర్వాత కిర్రుమనడమే కాదు, మూసుకోవు కూడా. ప్రతి తలుపు వెనకా, బందు పట్టే చోట, పెన్సిలుతో అంకె వేయండి. అదే అంకె అర చట్రం మీదా వేయండి. లేకపోతే తిరిగి బిగించే రోజు ఇంట్లో గొడవ ఖాయం. తలుపును పడుకోబెట్టి వేస్తే రంగు కారదు. వెనకవైపు ముందు, ముందువైపు తర్వాత. స్టవ్వు ఆపడమే కాదు, సిలిండరు రెగ్యులేటరు కూడా కట్టేయండి. టర్పెంటైన్ ఆవిరి మండుతుంది, నేలబారుగా పాకుతుంది. పక్క బర్నరు మీద టీ మరుగుతుండగా థిన్నర్ డబ్బా మూత తీసేవాళ్లను చూశాను, ఇంకా బతికే ఉన్నారు. రంగు గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె గాలి పీల్చుకుంటూ వేడెక్కుతుంది, కుప్పలో అది మంటగా మారవచ్చు. విప్పి బయట ఆరేసి పారేయండి.

పండక్కి రెండు రోజుల ముందు మొదలుపెట్టొద్దు. చేతికి అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. నూనె ఎనామిల్ పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది, శ్రావణ భాద్రపదాల తేమలో ఇంకా ఎక్కువ. ఆలోపు తలుపులు బిగించి మూస్తే అంచులు చట్రానికి అతుక్కుని, తెరిచినప్పుడు రంగు చెక్కతో సహా లేచొస్తుంది. మొదటి వారం తలుపులు ఓరగా తెరిచే ఉంచండి, మధ్యలో వార్తాపత్రిక ముక్క పెట్టకండి, అక్షరాలు అచ్చుపడతాయి. నెల రోజుల పాటు పీచూ సబ్బుపొడీ దగ్గరికి రానీయకుండా, పోపు పడ్డ మరకల్ని అప్పటికప్పుడు మెత్తటి తడిగుడ్డతో తుడిచేస్తే సరిపోతుంది.